వానపాముల మేత – పోషణ విధానము

పశువును కొనబోవు రైతు ముందుగా తన గడ్డివామి వంక చూచును. ఎంత గడ్డి కలదు, వేసవి గడచునా, తవుడునకును తెలకపిండికిని చేతిలో సొమ్ము చాలునా అని లెక్క వేసికొనిన పిమ్మటనే సంతకు బయలుదేరును. ఆ రైతే వానపాములను కొనునపుడు మాత్రము ఇట్టి లెక్క యేదియు వేయడు. కిలో యింతయని వెలయిచ్చి తెచ్చి, పేడకుప్పపై పోసి, నాలుగు దినములు నీరు చల్లి, రెండు నెలలలో ఎరువు తనంతట తాను సిద్ధమగునని యెదురుచూచును. పదునైదు దినములకు కుప్ప త్రవ్వి చూడగా ఒక్క వానపామును కానరాదు. అమ్మినవాడు మోసగించెననియు, ఈ పద్ధతి మన నేలలకు సరిపడదనియు చెప్పుకొని, ఖాళీయైన తొట్టెలో పిడకలు పేర్చుకొనుట పలుచోట్ల జరుగుచున్న పనియే.

అమ్మినవాని తప్పు ఎన్నడును ఉండదని మేము చెప్పజాలము. కాని పెక్కు పర్యాయములు ఆ జీవములు నశించుటకు కారణము మేతయే. మేత చాలక కొన్ని, మేత వేడిచేసి కొన్ని, మేతలో విషముండి కొన్ని, మేత నీట నాని గాలియాడక కొన్ని చచ్చును. వానపాము ఎరువు కాదు. ఎరువును చేయు పశువు. దానికి శాల కావలయును, నీడ కావలయును, వేళకు మేత కావలయును. సభ్యులు ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొని తక్కిన వివరములను చదువగోరుచున్నాము.

మన ప్రాంతమున దీని యక్కఱ

రాజాం చుట్టుపట్ల గ్రామములు 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన శ్రీకాకుళము జిల్లా నుండి విజయనగరము జిల్లాలోనికి వచ్చినవి. జిల్లా మాఱినను నేల మాఱలేదు. మడ్డువలస కాలువ నీరందు పల్లపు భూములలో వరియు, గరువులలో మొక్కజొన్న, గోగు, నువ్వు, ప్రత్తి మొదలగు పైరులును, సంకిలి చక్కెర కర్మాగారమునకు చేరువనున్న యూళ్లలో చెఱకును సాగగుచున్నవి. గరువు నేలలలో ఎఱ్ఱని యిసుకపాలు హెచ్చు. తడిసిన నేల త్వరగా ఆఱిపోవును. వేసిన ఎరువులోని సారము వాననీటితో అడుగునకు దిగిపోవును. ఇట్టి నేలకు గత్తము వలన కలుగు మేలు మన పెద్దలు ఎఱుగనిది కాదు. కాని గత్తము కావలెనన్న పశువులుండవలెను. నాగలికి మాఱు ట్రాక్టరు వచ్చిన తరువాత పెక్కు యిండ్లలో ఎద్దులు లేవు. ఒకటి రెండు పాడిపశువులు మాత్రము మిగిలినవి. పేడ తగ్గినది గాని చెత్త తగ్గలేదు. కోతయంత్రములు మడిలోనే విడిచిన గడ్డిని, నఱికిన తోటలోని చెఱకాకును తగులబెట్టువారు అనేకులు. కొద్దిపాటి పేడను తోడుచేసి ఆ చెత్తను మంచి ఎరువుగా మార్చుకొను ఉపాయము వానపాముల పెంపకమునందు కలదు. ఇదియే దీని మొదటి ప్రయోజనము. వర్మి కంపోస్టు అను పేరున సంచులు కట్టి బజారున అమ్ముకొనుట తరువాతి మాట.

ఈ జీవమునకు మన అమరకోశమున మహీలత యను ముద్దైన పేరు కలదు. నేలతీగ యని యర్థము. దీని పనిని మొదట శాస్త్రీయముగా కొలిచి చూపినవాడు ఇంగ్లండు దేశస్థుడగు చార్లెస్ డార్విన్. ఆయన 1837లో లండనులోని భూగర్భశాస్త్ర సంఘమున ఈ విషయమై వ్యాసము చదివి, అటుపిమ్మట నలువది సంవత్సరములకు పైగా దీనిని విడువక, 1881లో గ్రంథము ప్రకటించెను. ఆ దేశమున పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైబడిన మన్ను వానపాముల కడుపుగుండ పైకి వచ్చుచున్నదని ఆయన లెక్కగట్టెను. ఈ లెక్కను తఱచుగా అందఱును చెప్పుదురు. మనకు అంతకంటె పనికివచ్చు సంగతి మఱొకటి ఆ గ్రంథమున కలదు. ఆయన మన్నునింపిన కుండలలో వానపాములను పెంచి, రకరకముల ఆకులు వేసి, వేనిని తినుచున్నవి, వేనిని విడుచుచున్నవి యని పరిశీలించెను. క్యారెట్టు ఆకు వాటికి మిక్కిలి ప్రీతి. పుదీనా వంటి ఘాటైన వాసనగల ఆకులను దాదాపుగా ముట్టలేదు. కాబట్టి కన్నులును చెవులును లేని ఈ పురుగునకు రుచి కలదు. ఇష్టములేని దానిని ఎంత వేసినను తినదు. మఱియొకటి లేకున్న పస్తుండును.

ఏ జాతిని తేవలెను

వానకాలమున పొలము గట్లపై కనబడు వానపాములను ఏఱి తొట్టెలో వేసికొనరాదా, వెల యేల పెట్టవలెనని కొందఱు అడుగుచుందురు. అవి తొట్టెలో బ్రతుకవు. లాంపిటో మారిటీ మొదలగు ఆ జాతులు మన్నులో బొరియలు చేసికొని మన్నునే మ్రింగి జీవించును. వాటి స్థానము పొలమే; అక్కడ అవి చేయు దున్నకమునకు కూలి యడుగవు. తొట్టెకు కావలసినవి నేలపైని కుళ్లిన చెత్తలో కాపురముండు జాతులు. మన దేశమున వాడుకలో నున్నవి ముఖ్యముగా మూడు: పశ్చిమాఫ్రికా నుండి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే, ఐరోపా జాతియగు ఐసీనియా ఫెటిడా, మన దేశముదేయైన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. వీనిలో ఐసీనియా చలికి ఓర్చునుగాని వేడికి ఓర్వదు. తొట్టెలోపలి వేడి 35 డిగ్రీలు దాటిన చచ్చును. ఆఫ్రికా జాతి పొడవుగా, ఊదారంగుగా నుండి, 25 మొదలు 30 డిగ్రీల వఱకు గల వెచ్చదనమున చక్కగా తినును. మన తీరప్రాంతపు చలి దానిని బాధింపదు. దేశవాళి జాతికి తేమ మిక్కిలి ప్రియము, కాని గట్టివాన కురిసిన రాత్రి గుంపుగా లేచిపోవు చెడ్డ అలవాటు కలదు. మా యభిప్రాయమున మన యెండలకు ఆఫ్రికా జాతి తగినది.

వీని వృద్ధి గుఱించి రెండు మాటలు చెప్పి ముందునకు పోయెదము. ప్రతి వానపామునందును ఆడ మగ లక్షణములు రెండును కలవు. అయినను రెండు కలిసిననే సంతతి. అవి చిన్న గింజలవలె నుండు గ్రుడ్డుకోశములను విడుచును. ఇంచుమించు మూడు వారములకు ఒక్కొక్క దానినుండి ఒకటో రెండో, కొన్ని జాతులలో మూడు నాలుగో పిల్లలు వెడలును. అవి యెదిగి తాము గ్రుడ్లు పెట్టుటకు మఱి ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టును. కావున మొదటి తొట్టె మెల్లగా నడచుట సహజము. తొందరపడి మేత హెచ్చుగా గ్రుమ్మరించుటయే మొదటి విడతలో జరుగు నష్టములకు మూలము.

మేత సిద్ధపఱచుట

పచ్చిపేడను, పచ్చిచెత్తను కుప్పవేసినపుడు లోపల కుళ్లు పుట్టి వేడి యెక్కును. ఆ వేడి 60 డిగ్రీలు దాటుటయు కలదు. ఉడుకుచున్న అన్నపు కుండలో చేయి పెట్టినట్లే వానపామును అందు విడుచుట. అందుచేత మేతను తొట్టెకు వెలుపల ముందుగా సగము కుళ్లనిచ్చి, ఆ వేడి చల్లాఱిన పిమ్మట లోనికి తేవలెను. చెత్తను పొరలుగా పేర్చి తిరుగవేయుచు కుళ్లబెట్టు క్రమమును సర్ ఆల్బర్ట్ హోవార్డు 1924 మొదలు 1931 వఱకు ఇందూరు పరిశోధన సంస్థలో నుండి రూపొందించెను. ఆ ఇందూరు పద్ధతి నేటికిని మంచిదే. మనకు దానిలో మొదటి భాగము చాలును.

వరిగడ్డిని జానెడు కంటె పొట్టిగా, వీలైన రెండంగుళములుగా నఱికి, నీట తడిపి, జానెడు మందమున పఱచి, దానిపై పేడనీళ్లు చల్లి, మరల గడ్డి, మరల పేడ, ఇట్లు నడుమెత్తున పేర్చవలెను. వారమునకొకసారి తిరుగవేసి తడుపుచుండిన మూడు వారములకు గడ్డి మెత్తబడును. చెఱకాకు మొండిది, దానికి ఐదాఱు వారములు పట్టును. మొక్కజొన్న దంట్లను చీల్చి వేయవలెను. గోగుకట్ట ఈ పనికి రాదు, పొయ్యిలోనికి మంచిది; గోగు ఆకు మాత్రము త్వరగా కుళ్లి చక్కని మేత యగును. అరటిబోదెలు దొరకినచో విడువరాదు. ముక్కలుగా కోసి వేసిన అవి తేమను పట్టి యుంచును; వానపాములు వాని చుట్టును మూగును. చెఱువులలో అల్లుకొనిన గుఱ్ఱపుడెక్కను ఒడ్డున వేసి వాడనిచ్చి, వయ్యారిభామను పూతకు ముందే పీకి, ఇదేవిధముగ కుళ్లబెట్టి వాడవచ్చును. పూచిన వయ్యారిభామను వేసిన యెడల ఎరువుతోబాటు దాని విత్తనమును పొలమున జల్లుకొనుటయే యగును.

పేడలలో ఆవుపేడ శ్రేష్ఠము. గేదెపేడలో నీరు హెచ్చుగావున రెండు దినములు ఆఱబెట్టవలెను. గోబరుగ్యాసు తొట్టె నుండి వెలువడు మడ్డి, నీరు వడిసిన తరువాత, పచ్చిపేడకంటె మేలైనది. దాని వేడి ముందే చల్లాఱి యుండును. గొఱ్ఱెల మేకల పెంటికలను నలిపి నాలుగవవంతు కలుపవచ్చును. కోళ్ల పెంటలో ఘాటైన అమ్మోనియా వాయువును లవణమును ఉన్నవి; నెలల తరబడి కుళ్లినదైననే తప్ప ముట్టరాదు. చక్కెర కర్మాగారపు మడ్డి దొరకువారు దానిని కొన్ని వారములు ఎండకును వానకును విడిచి, వేడి తగ్గిన పిమ్మట పేడతో కలిపి వేయవలెను.

పాళ్ల మాట. పేడయు చెత్తయు బరువున సరిసమానముగా నుండుట క్రొత్తవారికి క్షేమము. గడ్డి తేలికైనది కనుక కంటికి చెత్తయే నాలుగింతలున్నట్లు కనబడును, దానికి బెదరనక్కఱలేదు. వీనితో రెండు మూడు పిడికిళ్ల చెఱువుమట్టి కలిపిన మంచిది. వానపామునకు పండ్లు లేవు. కోడికి వలెనే కందెనకాయ వంటి కండర సంచిలో ఇసుకరేణువుల సాయముతో మేతను నూఱుకొనును.

మేత సిద్ధమైనదా లేదా యని తెలిసికొనుటకు రెండు పరీక్షలు కలవు. కుప్ప నడుమ మోచేతివఱకు చేయి దూర్చి కొంతసేపుంచిన వెచ్చగా తగులరాదు. పేడవాసన పోయి తడిసిన మట్టివాసన రావలెను. ఇది చాలునని కొందఱందురు. మేము రెండవ పరీక్షను గూడ చేయుమందుము. ఒక కుండలో ఆ మేతను సగమువఱకు పోసి, ఇరువది వానపాములను పైన విడిచి, తడిగోనె కప్పి రాత్రి యుంచవలెను. తెల్లవాఱునప్పటికి అవి లోనికి దూఱి చుఱుకుగా నున్నచో మేత మంచిది. కుండ అంచుకెక్కి ముద్దగట్టి యున్నను, మెత్తబడి చచ్చియున్నను ఆ మేతను మఱి పది దినములు మాగనిండు. ఇరువది పురుగుల నష్టముతో మూడు కిలోల నష్టము తప్పిపోవును.

వేయరానివి

నిమ్మ, నారింజ తొక్కలు, చింతపండు పిప్పి, ఉల్లి, వెల్లుల్లి, మిరప తొడిమలు, ఊరగాయ, నూనె, చేప, మాంసము—ఇవి తొట్టెకు పగవారు. ఉప్పు తగిలిన వానపాము విలవిలలాడి చచ్చును. అది చర్మముతో ఊపిరి పీల్చు జీవము గదా. నీలగిరి ఆకు, సరుగుడు సూదులు, జీడి ఆకు మన మెట్టలలో కావలసినంత దొరకును గాని, ఆ ఘాటును ఆ వగరును ఇవి సహింపవు. వేపాకును నామమాత్రముగా తప్ప వేయకుండుడు.

ఇంతవఱకు చెప్పినవి పలువురికి తెలిసినవే. తెలిసియు పట్టించుకొననివి రెండు. మొదటిది, విషము తగిలిన గడ్డి. వరిలో కాండము తొలుచు పురుగునకై చల్లిన కార్బోఫ్యూరాన్ గుళికలు వానపాములకు మిక్కిలి విషము. అట్టి గుళికలు గాని, కోతకు దగ్గఱగా పురుగుమందు గాని పడిన మడిగడ్డిని ఈ పనికి ఎత్తుకొనరాదు. రెండవది, పశువులకు పోసిన నట్టల మందు. ఆ మందు పశువు కడుపులోని పురుగులను చంపుటకై చేసినది. అందు కొంత పేడతో వెలికి వచ్చును. కడుపులోని పురుగు వేఱు, తొట్టెలోని వానపాము వేఱు అని మందునకు తెలియదు. కనుక నట్టల మందు పోయించిన పిదప మూడు వారముల పేడను వేఱుగా కుప్పవేసి, దానిని గత్తపు గోతికే పంపవలెను. ఊరిలో మందు పోసిన తేదీని గోడపై బొగ్గుతో వ్రాసి యుంచుకొనుట సులభమైన పని.

తొట్టె, మేపు

పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతుగల తొట్టె ఒక కుటుంబమునకు అనువైనది. వెడల్పు మూడడుగులు మించిన నడుమకు చేయి అందదు. చెట్టునీడను గాని తాటాకు పందిరిక్రింద గాని కట్టవలెను. అడుగున నీరు వెడలుటకు కంతలుంచి, కొబ్బరిపీచో ముదురు గడ్డియో మూడంగుళములు పఱచి, దానిపై సిద్ధమైన మేతను అడుగెత్తున నింపి, తడిపి, మఱునాటి సాయంకాలము రెండు మూడు కిలోల వానపాములను పైన చల్లవలెను. కిలోకు ఇంచుమించు వేయి తూగును. వెలుతురు వాటికి గిట్టదు; పావుగంటలో తామే లోనికి దిగును. దిగక పైననే మెదలుచున్నవానిని ఏఱి తీసివైచి, కారణమును వెదకవలెను.

అటుపిమ్మట వారమునకొకసారి రెండంగుళముల మందమున మేత వేయుచుండవలెను. పైపొర తేయాకు పొడివలె రవ్వరవ్వగా మాఱిన పిమ్మటనే తరువాతి పొర. ఇది నియమము. ఒక్కమాఱుగా తొట్టె నిండ గ్రుమ్మరించి చేతులు కడుగుకొనువాని తొట్టెలో మేత మరల వేడెక్కును. రోజు విడిచి రోజు గోనె యెత్తి చూచుట యలవాటు చేసికొనిన, ఆ జీవములే తమ కష్టమును తెలుపును. గోడలెక్కుచుండిన మేత పులిసినదనియో నీరు హెచ్చినదనియో గుర్తు. సన్నబడి అడుగున చేరిన ఆకలి. కుళ్లుకంపు కొట్టిన నీరు నిలిచినది. ఒక దినము గోనె తీసి, చేతితో మెల్లగా కదిపి, పొడిగడ్డి కలుపవలెను. గునపము, పాఱ తొట్టెలో దింపరాదు.

తేమను చూచుటకు పిడికెడు మేతను గట్టిగా పిండుడు. వ్రేళ్ల నడుమ ఒకటి రెండు బొట్లు ఊఱిన సరిపోయినది. ధారకట్టిన హెచ్చు, చేయి తడియే కాకున్న తక్కువ. ఏప్రిలు, మే నెలలలో ఉదయము సాయంకాలము పలుచగా చల్లవలెను, మిట్టమధ్యాహ్నము చల్లరాదు. కప్పుటకు గోనెను మించినది లేదు. జనుపనార మిల్లులకు పేరుపడిన రాజాంలో పుట్టి, గోనెసంచి దొరకక ప్లాస్టిక్ సంచి కప్పితిమనుట విడ్డూరము. ప్లాస్టిక్ క్రింద గాలియాడదు, వేడి నిలుచును.

వానలు మొదలైన పిమ్మట కష్టము వేఱు. నేలలో గొయ్యి త్రవ్వి పెంచువారు జూను నెలలోనే నష్టపోవుదురు. నేలపై అడుగెత్తు అరుగు వేసి దానిపై తొట్టె కట్టిన నీరు చొరదు. మనది తుపానుల దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏ విధముగా పైకప్పులను లేపినవో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. ఆశ్వయుజమాసము రాకముందే పందిరిని త్రాళ్లతో బిగించుటయే గాక, తుపాను వార్త వినిన దినమున ఒక కుండలో మేతతో గూడ కిలో వానపాములను తీసి ఇంటి వసారాలో నుంచుకొనవలెను. తొట్టె పోయినను విత్తనము మిగులును. విత్తనపు వడ్లను అటకపై దాచుకొను వారికి ఇది క్రొత్త పాఠము కాదు.

చీమలు, ఎలుకలు, జెఱ్ఱులు, కప్పలు, కోళ్లు, పందులు—అన్నియు వీనికి శత్రువులే. తొట్టె చుట్టును నీటికాలువ యుండిన చీమ రాదు. పైన తీగవల యుండిన కోడి రాదు.

ఎరువు తీయుట, వాడుట

పైనుండి అడుగువఱకు రవ్వగా మాఱిన పిమ్మట నాలుగైదు దినములు నీరు మానివేయవలెను. వానపాములు తేమను వెదకుచు అడుగునకు దిగును. అపుడు పైయెరువును చేతితో తీసి నీడలో గోపురముగా పోసిన, మిగిలిన పురుగులు గోపురపు అడుగునకు చేరును. జల్లెడ పట్టి, నీడననే ఆఱబెట్టి, కొంచెము తేమ యుండగనే సంచులకెత్తవలెను. ఎండకు పెళపెళలాడ ఎండబెట్టిన దానిలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించును. మొదటి తొట్టెకు మూడు నెలలు పట్టవచ్చును. తరువాత రెండు నెలలు చాలును.

ఇక లెక్క. ఆఱువందల కిలోల మాగిన మేతకు ఇంచుమించు మూడువందల కిలోల ఎరువు వచ్చును. రెండు పాడిపశువులున్న యింట దినమునకు ఇరువది కిలోల పేడ చేతికి వచ్చుననుకొందము. పిడకలకును కళ్లాపికిని గత్తమునకును సగము పోగా, నెలకు మూడువందల కిలోలు మిగులును. దానికి సమానముగా చెత్త చేర్చిన నెలకొక తొట్టె నిండును. సాలుకు మూడున్నర టన్నులకు మించదు. ఎకరమునకు టన్ను చొప్పున మూడున్నర ఎకరములకు అది సరి. ఇంతకు మించిన తొట్లు కట్టించుట మేతలేని శాలలో పశువులను కట్టుట వంటిది. పదియెకరముల రైతు అంతటికిని దీనినే కొని చల్లెదనన్న ఖర్చు తట్టుకొనజాలడు.

అది వేసినంత మాత్రమున బజారు ఎరువు మానవచ్చునని కొందఱు ప్రచారము చేయుచున్నారు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము అమ్మకపు వర్మి కంపోస్టులో నత్రజని నూటికి 1 పాలు, భాస్వరము 0.8, పొటాషు 0.8 పాళ్లకు తక్కువ కారాదు. ఆ కనిష్ఠపు లెక్కను టన్నులో నత్రజని పది కిలోలు. నలువదియైదు కిలోల యూరియా సంచిలో సగమునందు అంతయే కలదు. కావున నత్రజనికై మాత్రమే దీనిని చేయువాడు నిరాశ చెందును. దీని బలము వేఱుచోట నున్నది: ఇసుకపాలు హెచ్చైన గరువు నేలకు ఇది తడిని పట్టి యుంచు గుణమునిచ్చును, వేసిన సారము కొట్టుకొనిపోకుండ ఆపును, నేలలోని సూక్ష్మజీవులకు నెలవగును. అందుచేత మా సలహా యేమన, దీనిని వరిమడులపై పలుచగా వెదజల్లి వ్యర్థపఱచక, నారుమడికి, కూరగాయల పాదులకు, మిరపకు, మామిడి, కొబ్బరి గోతులకు వాడుడు. పల్లపు వరికి జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట చాలును. అది చవుక గూడ.

సంఘము చేయదగినది

వానపాములు ప్రతి రైతును వేఱువేఱుగ దూరమునుండి కొని తేనక్కఱలేదు. సంఘము ఒక్కసారి పది కిలోలు తెప్పించి, ఇద్దఱు ముగ్గురు శ్రద్ధగల సభ్యుల తొట్లలో పెంచి, పెరిగినవానిని తక్కినవారికి నాగుకు ఇచ్చినట్లు ఈయవచ్చును. తీసికొనినవాడు ఆఱు నెలలకు తీసికొనినంతయు దానిపై నాలుగవవంతును తిరిగి యిచ్చిన చాలును. వడ్లకంటె ఇవి త్వరగా పెరుగును గావున అది భారము కాదు. పలు పంచాయతీలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రములను పేర షెడ్లు కట్టబడియున్నవి. కొన్ని నడచుచున్నవి, కొన్ని తాళము వేసి యున్నవి. నడువని వానిని పంచాయతీవారితో మాటలాడి పొందుట యోగ్యము. అయితే ఊరిచెత్తలో గాజుపెంకులు, బ్యాటరీలు కలిసియుండును; వానిని శుభ్రముగా ఏఱనిది తిండిపైరులకు ఎరువు చేయరాదు.

ఒక్క హెచ్చరిక. వానపాములను హెచ్చు వెలకు అమ్మి, పెరిగినవానిని తామే తిరిగి కొందుమని ఒప్పందము వ్రాసియిచ్చువారు అన్ని దేశములలోను కలరు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున ఇట్టి వ్యాపారము చేసిన కంపెనీ 2003లో కూలిపోయినది. పెంచినవారి చేతిలో వానపాములు మిగిలినవి, కొనువాడు లేడు. కొన్న వానపాములను క్రొత్తగా చేరినవారికి అమ్ముటయే ఆ వ్యాపారము. ఎరువు అమ్మకము అందు లేదు. మీ యొద్దకు వచ్చినవానిని ఎరువును కొందువా యని మొదట అడుగుడు. పురుగులనే కొందునని చెప్పిన వానిని వాకిటనుండియే పంపివేయుడు.

వానపాములు కావలసిన సభ్యులు ముందు మేత కుప్పను చూపవలెనని ప్రతి సంఘమును నియమము పెట్టుకొనుట మంచిది. వరికోతలు ముగిసి గడ్డి కళ్లమునకు చేరిన వెంటనే, సంక్రాంతి పనులు మీదపడకముందు, పుష్యమాసారంభముననే గడ్డి నఱికి పేడతో పేర్చిన యెడల మాఘమాసమున అది చల్లాఱి మేతగును. అప్పటి చలివాతావరణమున విడిచిన వానపాములు వేసవి యెండలు ముదురక ముందే ఒకతరము పెరిగి తొట్టెలో కుదురుకొనును.